రౌటర్ స్విచ్ మీద చెయ్యి వేసేముందు

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ముందుగా ఒక ప్రశ్న. నెట్ ఆగి ఆగి వస్తున్నప్పుడు మీరు మొట్టమొదట ఏం చేస్తారు? (సభలోంచి: "రీస్టార్ట్!") అంతే కదా. నేనూ అదే చేసేవాణ్ణి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పని మొట్టమొదట చేయకండి. అసలు చేయొద్దనడం లేదు, ఒక్క ఐదు నిమిషాలు ఆగి చేయండి. వచ్చిపోయే జబ్బును పట్టుకోవాలంటే అది వచ్చినప్పుడే పట్టుకోవాలి. రౌటర్ ఆపిన క్షణంలో ఉన్న ఆధారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

నా సంగతే చెబుతాను. నెట్‌వర్క్ పని చేసుకుని బతికేవాణ్ణి. అయినా, ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, మా ఇంట్లోనే ఈ జబ్బు మూడు వారాలు ముదిరింది. రాత్రి తొమ్మిది దాటితే చాలు, వీడియో కాల్‌లో అవతలివాళ్ల మొహం బిగుసుకుపోయేది, గొంతు ముక్కలు ముక్కలయ్యేది. పగలు స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం కట్టిన ప్లాన్‌కు తగ్గ స్పీడ్ చక్కగా చూపించేది. రాత్రి రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేసేవాణ్ణి. వెంటనే బాగయ్యేది! రౌటర్ పాతబడిందని ఖాయం చేసుకుని కొత్తది కొన్నాను. మళ్లీ తొమ్మిదయ్యింది, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. కారణం తర్వాత చెబుతాను, ముందు అది ఎలా దొరికిందో చూద్దాం.

నెట్ స్లోగా ఉంది అని మనం ఒకే మాటతో రెండు వేరు వేరు విషయాలు చెప్పేస్తాం. ఒక సెకనుకు ఎంత డేటా వస్తుందనేది ఒకటి, అది ఎంబీపీఎస్ లెక్క, అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లని. అడిగినదానికి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందనేది రెండోది. దాన్నే లేటెన్సీ అంటారు, మిల్లీసెకన్ల లెక్క. ప్లాన్ అమ్మేవాళ్లు చెప్పేది మొదటిది. మనల్ని విసిగించేది చాలాసార్లు రెండోది. ఒక వెబ్ పేజీ తెరవాలంటే మొదటి అక్షరం రాకముందే మన ఫోను పేరు చూసి అడ్రస్ కనుక్కోవాలి, అవతలి సర్వర్‌తో చేయి కలపాలి, మాటలు రహస్యంగా ఉండడానికి తాళంచెవులు మార్చుకోవాలి, ఆ తర్వాత పేజీ అడగాలి. నాలుగు సార్లు పోయి రావడం అనుకోండి. ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లయితే మీకు తెలియను కూడా తెలియదు. ఒక్కోదానికి 400 అయితే సెకనున్నర పైనే తెల్ల తెర చూస్తూ కూర్చుంటారు. ప్లాన్ 100 నుంచి 300కు పెంచినా ఈ ఎదురుచూపు తగ్గదు.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం పనికొస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 1000 కిలోమీటర్ల దూరం పోయి రావడానికి సుమారు 10 మిల్లీసెకన్లు చాలు. మామూలుగా 30 మిల్లీసెకన్లలో వచ్చే జవాబుకు ఉన్నట్టుండి 600 పట్టిందంటే దూరం పెరగలేదు కదా! డేటా చిన్న చిన్న ముక్కలుగా పోతుంది, ఒక్కో ముక్కను ప్యాకెట్ అంటారు. ఆ ప్యాకెట్ ప్రయాణం చేయడం లేదు, ఎక్కడో నిలబడి ఉంది. ఎక్కడ నిలబడిందో తెలుసుకుంటే పని సగం అయినట్టే.

తెలుసుకోవడానికి కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ రాశాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ చేసే చప్పుడు మీద ఆ పేరు పెట్టాడు. ఒక చప్పుడు పంపడం, తిరిగి ఎంతసేపటికి వచ్చిందో చూడడం, అంతే.

దీన్ని, కమాండ్లు టైప్ చేసే కిటికీలు మూడు తెరిచి, ఒకేసారి మూడింట్లో నడపండి. మొదటిది మీ రౌటర్‌కే. చాలా ఇళ్లలో దాని అడ్రస్ 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, ఫోను వైఫై సెట్టింగ్స్‌లో గేట్‌వే అని రాసి ఉంటుంది. రెండోది మీకు నెట్ ఇచ్చే కంపెనీవాళ్ల మొదటి పరికరానికి. ప్యాకెట్ పోయే దారిలో ఉన్న పరికరాలను వరుసగా చూపించే ట్రేస్‌రూట్ నడిపితే దాని అడ్రస్ రెండో వరుసలో కనిపిస్తుంది, విండోస్‌లో ఆ కమాండ్ పేరు ట్రేసర్ట్. ఆ వరుస జవాబివ్వకుండా చుక్కలు చూపిస్తే మూడో వరుస తీసుకోండి. మూడో కిటికీ 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కు. విండోస్‌లో అయితే పింగ్ నాలుగుసార్లు కొట్టి ఆగిపోతుంది, ఆగకుండా కొట్టాలంటే చివర హైఫన్, టీ (-t) చేర్చాలి. మూడూ నడుస్తూ ఉండనివ్వండి. మీ పని మీరు చేసుకోండి. నెట్ తడబడినప్పుడు కిటికీల వైపు చూడండి, టైము రాసుకోండి. కాగితం మీద అయినా సరే.

మొదటి కిటికీలోనే అంకెలు ఎగిరితే గొడవ ఇంట్లోనే ఉంది. వైఫై కావచ్చు, కేబుల్ కావచ్చు. కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. మొదటిది నిలకడగా ఉండి రెండు, మూడు కలిసి ఎగిరితే మన రౌటర్‌కీ కంపెనీ పరికరానికీ మధ్య ఏదో ఉంది. మూడోది ఒక్కటే ఎగిరితే దారిలో ఇంకెక్కడో. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది, రౌటర్ ఆపేముందు ఆగమన్నది ఈ ఐదు నిమిషాలే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ట్రేస్‌రూట్ చూసి చాలామంది కంగారు పడతారు. మధ్యలో ఒక వరుసలో 300 అనో, జవాబు రాలేదనో కనిపిస్తుంది. ఇదిగో దొంగ దొరికాడు అనుకుంటారు. ఆ పెద్ద రౌటర్ల పని ప్యాకెట్లను ముందుకు పంపడం, మనకు జవాబు చెప్పడం కాదు. తీరిక ఉంటే చెబుతాయి, లేకపోతే లేదు. ఆ తర్వాతి వరుసలన్నీ మామూలుగా ఉంటే మధ్యది పట్టించుకోకండి. అక్కడ మొదలైన ఆలస్యం చివరిదాకా కొనసాగితేనే లెక్క.

సరే, మొదటి కిటికీ ఎగిరింది, అంటే చాలావరకు వైఫై. వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. మీ ఫోను, పక్కింటి టీవీ, పై ఇంటివాళ్ల ల్యాప్‌టాప్, అన్నీ ఒకే చానెల్‌లో ఉంటే వంతులవారీగా మాట్లాడుకోవాల్సిందే. వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ముప్పై రౌటర్లు ఆ మూడింటి కోసం తోసుకుంటాయి. పైగా మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. అది తిరుగుతున్నంతసేపూ నెట్ తడబడితే అనుమానించడంలో తప్పు లేదు. ఇంకో ముద్దాయిని ఎవరూ అనుమానించరు: రౌటర్ వెనక గుచ్చిన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్. ఆ కనెక్షన్ వెదజల్లే రేడియో గోల సరిగ్గా 2.4 బ్యాండ్ మీదే పడుతుంది. తీసేసి చూడండి.

5 గిగాహెర్ట్జ్‌కు మారితే సగం బాధలు పోతాయి, గోడలు దాటడంలో మాత్రం అది కొంచెం బలహీనం. అక్కడ వేరే వింత ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లలో చాలావాటిని చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ లాంటి సిగ్నల్ వినపడితే రౌటర్ ఆ చానెల్ ఖాళీ చేసి వెళ్లిపోవాలి, అలాంటి ఇంకో చానెల్‌లోకి దిగేముందు కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలి. మీకు కనిపించేదేమిటంటే, వైఫై పేరే మాయమైపోయి ఒక నిమిషం తర్వాత దానంతటదే తిరిగి వస్తుంది. ఇలా జరుగుతుంటే చానెల్‌ను ఆటో నుంచి తీసి 36, 40, 44, 48లో ఏదో ఒకదానికి కట్టేయండి.

కొన్నిసార్లు రౌటర్ తప్పు కాదు, మీ ల్యాప్‌టాప్ తప్పు. పింగ్ 3, 3, 4, 3 అని సాగుతూ, గడియారం చూసి చేసినట్టు ఒకే ఎడంతో 150కి ఎగిరి మళ్లీ 3కి దిగుతుంటే, ల్యాప్‌టాప్ వైఫై కార్డు చుట్టుపక్కల వేరే నెట్‌వర్కులు ఉన్నాయా అని వెతుక్కోవడానికి చానెల్ వదిలి వెళ్లివస్తోందన్నమాట. లొకేషన్ సర్వీసులు, ఆపిల్ పరికరాల మధ్య ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్ లాంటివి ఈ పని చేయిస్తాయి. అదే సమయంలో పక్కనున్న ఫోనులో ఏ ఇబ్బందీ లేకపోతే అనుమానం ఖాయం. అందుకే రెండు పరికరాల్లో చూడమంటాను.

వీటన్నిటికీ ఒక్క పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. కేబుల్ మీద రౌటర్ పింగ్ ఒక మిల్లీసెకను, అంతకన్నా తక్కువే ఉండాలి. జబ్బు మాయమైతే వైఫై. ఉంటే కాదు. ఎన్ని యాప్‌లు దించుకున్నా దీనంత తేటగా చెప్పేది ఇంకోటి లేదు.

మా ఇంట్లో మొదటి కిటికీ నిశ్చలంగా ఉంది. కేబుల్ మీద చూసినా అంతే. రెండోది మాత్రం తొమ్మిదింటికి 12 నుంచి 900కి వెళ్లింది. తొమ్మిది వందలు! ఇక లైను మీదే నా అనుమానం. కంపెనీ మనిషి మరుసటి రోజు పగలు వచ్చి చూశాడు, అంతా భేషుగ్గా ఉందన్నాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. అతని తప్పేం లేదు, పగలు నిజంగానే భేషుగ్గా ఉంది.

అప్పుడు చేయాల్సిన పని ఇంకోటి మిగిలింది. జబ్బు వచ్చిన క్షణంలో, రౌటర్ ఆపకుండా, ఇంట్లో ఒక్కో పరికరం వైఫై మాత్రం ఆపుతూ పోవాలి. టీవీ ఆపాను, తేడా లేదు. టాబ్లెట్, లేదు. మంచం పక్కన ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్ వైఫై ఆపాను. 900 ఉన్నది గభాలున 12కి పడింది.

ఫోను ఛార్జింగ్‌లో పెట్టగానే ఆ రోజు తీసిన ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది. రౌటర్ ఆపినప్పుడు ఆ ఎక్కింపు తెగిపోయి, ఎప్పటికో మళ్లీ మొదలయ్యేది. మూడు వారాలు నేను రిపేరు చేస్తున్నది రౌటర్‌ని కాదు, ఫొటో బ్యాకప్‌ని ఆపుతున్నాను. కొత్త రౌటర్ ఖర్చు వృథా.

ఒక ఫోను ఫొటోలు ఎక్కిస్తే ఇల్లంతా ఎందుకు ఆగిపోవాలి? ఈ ప్రశ్న నిజంగా రుచిగా ఉంటుంది, కాసేపు ఓపిక పట్టండి.

లోపలి వైఫై వేగంగా ఉంటుంది, బయటికి పోయే అప్‌లోడ్ దారి ఇరుకు. ఆ మలుపు దగ్గర ప్యాకెట్లు క్యూ కట్టాలి. ఆ క్యూ నిలబడే చోటే బఫర్. ఇంట్లో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకుందాం. బఫర్ ఒక మెగాబైట్ అనుకుందాం, అంటే 8 మెగాబిట్లు. అది నిండితే చివర చేరిన ప్యాకెట్ 0.8 సెకన్లు నిలబడాలి. ఎనిమిది వందల మిల్లీసెకన్లు. మీ వీడియో కాల్ గొంతు, గేమ్‌లో మీరు నొక్కిన మీట, అన్నీ ఆ ఫొటోల వెనకే నిలబడతాయి. డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతిదానికీ అందింది అని రసీదు పంపాలి, ఆ రసీదులూ అదే క్యూలో ఇరుక్కుంటాయి.

బఫర్ పెద్దదైతే మంచిదే కదా అనిపిస్తుంది. పరికరాలు చేసేవాళ్లూ అలాగే అనుకున్నారు, మెమరీ చవకయ్యేకొద్దీ బఫర్లు పెంచుకుంటూ పోయారు. కానీ పంపే కంప్యూటర్‌కు దారి నిండిందని తెలిసేది ప్యాకెట్ గల్లంతైనప్పుడు. 1986లో ఇంటర్నెట్ ఒకసారి ఇలాగే ఊపిరాడక కూలబడింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. 40 వేలు కాదు, నలభై. ఆ తర్వాత వాన్ జేకబ్సన్ టీసీపీలో, అంటే కంప్యూటర్లు డేటా పంపుకునే పద్ధతిలో, ఒక మర్యాద పెట్టాడు: ప్యాకెట్ పోతే తగ్గు, పోకపోతే మెల్లగా పెంచు. పెద్ద బఫర్ ఏం చేస్తుందంటే ప్యాకెట్‌ను పోనివ్వదు, దాచి ఉంచుతుంది. పంపేవాడికి తగ్గమని కబురే అందదు, ఇంకా పంపుతూనే ఉంటాడు. క్యూ ఎప్పటికీ కరగదు.

2010లో జిమ్ గెటిస్ తన ఇంట్లో నెట్ ఎందుకు మొరాయిస్తోందో తవ్వుతూ ఈ సంగతి బయటపెట్టాడు. బఫర్‌బ్లోట్ అనే పేరు అతను పెట్టిందే. కంప్యూటర్ తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ కట్టినవాళ్లలో ఒకడు, వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం రాసినవాళ్లలో ఒకడు. అలాంటి మనిషి ఇంట్లోనే ఇలా ఉంటే నేను మూడు వారాలు తడుముకున్నందుకు మరీ సిగ్గుపడక్కర్లేదనుకుంటాను. (నవ్వులు)

మందు 2012లో వచ్చింది. ఇచ్చినవాళ్లు కేథ్లీన్ నికల్స్, మళ్లీ అదే వాన్ జేకబ్సన్. పేరు కోడెల్. క్యూ ఎంత పొడవుందని అది చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 100 మిల్లీసెకన్లపాటు ఏ ప్యాకెట్టూ 5 మిల్లీసెకన్లలోపు బయటపడలేదంటే కావాలని ఒకదాన్ని పారేస్తుంది. పంపేవాడికి కబురు అందుతుంది, తగ్గుతాడు. దానికి తమ్ముడు ఎఫ్‌క్యూ కోడెల్, అది ఒక్కొక్కరి ప్యాకెట్లకు వేరే వరుస కడుతుంది, ఫొటోల వెనక మీ గొంతు నిలబడక్కర్లేదు. ఇలాంటి పనే చేసే ఇంకోటి, తర్వాత 2018లో లినక్స్ 4.19లోకి చేరింది, కేక్. నిజంగా దాని పేరు అదే.

మీ రౌటర్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడాలంటే సెట్టింగ్స్‌లో ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) అనో, స్మార్ట్ క్యూ అనో వెతకండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్లలో చేర్చుకోవచ్చు. ఉంటే అప్‌లోడ్, డౌన్‌లోడ్ అంకెలు అడుగుతుంది. అక్కడే చాలామంది పొరపడతారు. ప్లాన్‌లో ఉన్న అంకె ఇవ్వకూడదు. నిజంగా వచ్చే స్పీడ్‌లో 85 నుంచి 95 శాతం మధ్య ఇవ్వాలి. అప్పుడే క్యూ కంపెనీ మోడెమ్‌లో కాకుండా మన రౌటర్‌లో నిలబడుతుంది, దాన్ని మనం దిద్దుకోగలం. కొంచెం స్పీడ్ పోతుంది, కాల్ తెగదు. నాకైతే ఇది మంచి బేరం. అయితే ఈ పనికి రౌటర్ ప్రాసెసర్‌లో సత్తువ కావాలి. పాత రౌటర్లు పెద్ద స్పీడ్‌ల దగ్గర చేతులెత్తేస్తాయి. ఇవేవీ లేకపోతే బ్యాకప్ టైమును తెల్లవారుజాముకు మార్చండి, లేదా ఆ యాప్‌లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టండి.

మీకు ఈ జబ్బుందో లేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. పింగ్ నడుస్తుండగా స్పీడ్ టెస్ట్ పెట్టండి. అప్‌లోడ్ దశలో పింగ్ ఐదారు మిల్లీసెకన్లు పెరిగితే ఫర్వాలేదు, వందల్లో పెరిగితే ఉన్నట్టే.

ఇక లైను. ఇంట్లో అన్నీ ఆపేసి, కేబుల్ మీద ఒక్క ల్యాప్‌టాప్ పెట్టినా రెండో కిటికీ ఎగురుతుంటే అప్పుడు కంపెనీవాళ్ల పని. ఫైబర్ అయితే ఓఎన్‌టీ, అంటే ఇంట్లోకి ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా, దాని సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ అని ఉంటుంది, అందే కాంతి బలం, మైనస్‌లో. ఇళ్లకు వచ్చే మామూలు జీపాన్ రకం ఫైబర్ లైన్లలో మైనస్ 27 డీబీఎం దగ్గరికొస్తే అది అంచు. బీరువా వెనక ఫైబర్ తీగ మడత పడినా ఇలా పడిపోతుంది, ముందు అది చూడండి. సిగ్నల్ బాగుండి, రోజూ రద్దీ వేళల్లోనే ఎగిరితే, ఒకే లైను పంచుకునే ఇళ్లన్నీ ఒక్కసారిగా మీదపడుతున్నాయని అనుమానించాలి. ఆ రాసుకున్న టైములు, అంకెలు ఇక్కడ పనికొస్తాయి. "నెట్ స్లోగా ఉందండీ" అంటే రీస్టార్ట్ చేయమంటారు. "నాలుగు రోజులుగా ఎనిమిది నుంచి పదకొండు దాకా, కేబుల్ మీద, ఇంట్లో ఏదీ నడవకుండా మీ మొదటి పరికరానికి 250 వస్తోంది" అంటే ఫోను పై మెట్టు మనిషికి ఇస్తారు.

సరే, ఇక మీరు అడగండి.

(సభలోంచి ఒకరు: "మాకు ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంది. ప్లాన్ 200.")

కేబుల్ చూడండి. 94 అనే అంకె చెప్పకనే చెబుతోంది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. ఒక తీగ తెగినా, తలుపు కింద నలిగినా, రెండువైపులా మాట్లాడుకుని 100కు దిగిపోతాయి. అందులో మనకు మిగిలేది సుమారు 94. రౌటర్‌కూ ఓఎన్‌టీకీ మధ్య ఉన్న చిన్న తీగ కూడా మార్చి చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

(మరొకరు: "డీఎన్ఎస్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందంటారు కదండీ?")

డీఎన్ఎస్ అంటే ఇందాక చెప్పిన పేరు చూసి అడ్రస్ కనుక్కునే పని. పేజీ తెరుచుకోవడానికి తటపటాయించి, తెరుచుకున్నాక బాగా నడుస్తుంటే మార్చి చూడండి. నడుస్తున్న కాల్ మధ్యలో తెగిపోవడానికి దాంతో సంబంధం లేదు.

(మరొకరు: "మరి రీస్టార్ట్ నిజంగా పనికొచ్చే సందర్భం ఉందా?")

ఉంది. ఇంట్లో రద్దీతో నిమిత్తం లేకుండా, నాలుగైదు రోజులకోసారి మెల్లమెల్లగా మందగించి, రీస్టార్ట్ చేస్తే మళ్లీ నాలుగైదు రోజులు బాగుంటే అది రౌటర్ జబ్బే. మెమరీ నిండిపోవడమో, వేడెక్కడమో. ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయండి, మూసిన అల్మరాలో ఉంటే బయట పెట్టండి. అయినా తగ్గకపోతే మార్చండి, అప్పుడు మార్చడంలో అర్థం ఉంది.

ఇంకెవరైనా? ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇటు ముందుకు రండి. ఈ హాలు వైఫై ఇందాకటి నుంచి తడబడుతోంది, మూడు కిటికీలు తెరిచి చూద్దాం.